ఏట్లో కలిపిన హాజరు

భీమసేనరావు తన జన్మలో ఒక్క తప్పు హాజరు వేయలేదు. ఈ మాట ఆయన చెప్పుకున్నదే అయినా, ఆదోనిలో దాన్ని కాదన్నవాడు మాత్రం లేడు. మార్కెట్ యార్డు వెనక, రైలు పట్టాలకు ఆనుకుని ఉన్న గూళప్ప సావుకారు జిన్నింగు మిల్లులో ఆయన హాజరు గుమాస్తా. పొద్దున ఏడు గంటల కూత కూసేలోపు గేటు లోపల కాలు పెట్టినవాళ్ళకు హాజరు. కూత ఆగినాక పెట్టినవాళ్ళకు సున్న. సొంత బావమరిది వచ్చినా అంతే. వచ్చాడు కూడా, పాపం, నాలుగు రోజులు పనిచేద్దామని. నాలుగింట్లో రెండు సున్నలు వేయించుకుని పోయాడు. ఆ తర్వాత పదేళ్ళు ఆ ఇంట్లో ఏ శుభకార్యానికీ ఈయనకు పిలుపు లేదు. "పిలవకపోతే పోనీ, వాళ్ళ పాయసం లేకుంటే నేను బతకలేనా?" అన్నాడు రావు.

మంత్రాలయం దగ్గరి పల్లెలో, దేవుడి వంట చేసే ఇంట్లో పుట్టినవాడు. 1964లో పని వెతుక్కుంటూ ఆదోని వస్తే, గూళప్ప సావుకారు ఆయన చేతిరాత చూసి, "రేపట్నుంచి రాప్పా" అన్నాడు. అంతే, ఉద్యోగం. కాగితం లేదు, ముద్ర లేదు. ఆ రోజుల్లో మాటంటే మాటే అని రావు గర్వంగా చెప్పేవాడు. మాట మాటేనయ్యా, ఎవరు కాదన్నారు? మాట చెప్పిన మనిషి మాత్రం ఏదో ఒకనాడు చచ్చిపోతాడు గదా. ఆ సంగతి ఆయనకు తట్టలేదు.

ముత్తమ్మ 1972 కరువులో వచ్చింది. ఆస్పరి అవతల ఏదో పల్లె. చేనులో గడ్డిపోచ కూడా మొలవని ఏడాది, మొగుడు పెద్దయ్య చేయి పట్టుకుని నడిచి వచ్చింది. పెద్దయ్య స్టేషను దగ్గర మూటలు మోసేవాడు. ఈమెకు పత్తి నుంచి గింజ వేరుచేసే జిన్ను ముందు పని. రోజంతా కూర్చుని, తిరిగే రోలరుకు రెండు చేతులా పత్తి అందిస్తూ ఉండాలి. చేరిన రోజు పేరు రాసుకుంటుంటే, "సామీ, కూత కన్నా ముందే వస్తా. నాకు మాత్రం సున్న ఎయ్యొద్దు" అన్నది. పదిహేడేళ్ళు ఆ మాట మీద నిలబడింది. కాన్పులకు పోయిన రోజులు తప్ప ఆమె వరసలో ఎక్కడా సున్న లేదు. రావుకు ఆ వరస చూస్తే కడుపు నిండేది. ఆమె ముఖం చూసి బాగున్నావా అని ఎప్పుడూ అడగలేదు గానీ, పుస్తకంలో ఆమె వరసను చూసి మాత్రం తృప్తిగా తల ఊపుకునేవాడు. ఆ మనిషి తీరే అంత.

1975లో యూనియన్ వాళ్ళు గేటు ముందు కూర్చుంటే, సావుకారు దిగివచ్చి ఫిట్టర్లకు, బేళ్ళు కట్టే ప్రెస్సు నడిపేవాళ్ళకు, కాపలావాళ్ళకు పర్మనెంటు ఆర్డర్లు ఇచ్చాడు. మొత్తం ముప్పై ఎనిమిది. అన్నీ రావే టైపు కొట్టాడు, నంబర్లు వేశాడు. జిన్ను ముందు కూర్చునే నూటపది మంది ఆడవాళ్ళకు ఆర్డర్లు లేవు. వాళ్ళు సీజను మనుషులట. మరి గుమాస్తా సంగతి? "నాకు నేనే ఆర్డరు టైపు కొట్టుకొని సావుకారు ముందర పెడితే ఏం మర్యాదగా ఉంటుంది?" అని ముప్పై తొమ్మిదోది కొట్టలేదు. సావుకారు అడగలేదు, ఈయన చెప్పలేదు. మర్యాద మనిషిని ఎక్కడి దాకా తోడుకుపోతుందో చివర్లో మీరే చూస్తారు.

ఆ మిల్లులో ఒక ఆచారం ఉండేది. అదీ రావు పెట్టిందే. ప్రతి హాజరు పుస్తకం మొదటి పేజీలో 'శ్రీ' రాసి, పసుపు కుంకుమ బొట్లు పెట్టేవాడు. బొట్టు పెట్టిన పుస్తకాన్ని చిత్తు కాగితాలవాడికి అమ్మితే, వాడు మిరపకాయ బజ్జీల బండికి అమ్మితే, శ్రీకారం మీద నూనె కారితే ఆ పాపం ఎవరిది? అందుకని నిండిన పుస్తకాలను కొన్నేళ్ళకోసారి పసుపు గుడ్డలో మూటకట్టి, బస్సెక్కి, మంత్రాలయంలో తుంగభద్రలో కలిపేవాడు. భిన్నమైన విగ్రహాన్ని నీళ్ళలో కలుపుతారు చూడండి, అట్లా. మూడు మునకలు వేసి, తడి పంచెతో దండం పెట్టుకుని వచ్చేవాడు. పెద్ద సావుకారు బస్సు చార్జీ ఇచ్చి, "నా పేరు మీద గూడా ఒక కాయ కొట్టప్పా" అనేవాడు.

ఆ పెద్ద సావుకారు 1984లో పోయాడు. కొడుకు శరణప్ప గద్దెనెక్కాడు. బెంగుళూరులో చదివినవాడు, నవ్వుతూ మాట్లాడేవాడు, కసురుకోవడం ఎరగడు. కసురుకునేవాడితో ఏ బాధా లేదు, వాడి మనసేమిటో తెలుస్తుంది. 1986లో ఈ శరణప్ప కంప్యూటరు తెచ్చాడు. ఆఫీసులో ఒక పెద్ద పెట్టె, దానికి తీగలతో తగిలించిన తెరలు మూడు. గేటు దగ్గర ఒకటి, కాటా దగ్గర ఒకటి, రావు ముందర ఒకటి. ఎక్కడ ఏది కొట్టినా పోయి ఆ పెట్టెలోని డిస్కులో చేరుతుంది. ఇరవై మెగాబైట్ల డిస్కు. "మీ మనవళ్ళ కాలానికి కూడా నిండదు" అన్నాడు అమ్మినవాడు. మూడేళ్ళకు నిండింది. అమ్మేవాడి నోటికి మొక్కాలి.

పెట్టెకు వేడి తగలగూడదని ఏసీ గది కట్టించారు. రావు బతుకులో అదే మలుపు. ఇరవై రెండేళ్ళు పత్తి నూగు పీల్చిన రొమ్ము ఆయనది. సీజను మొదలైతే లోపల పిల్లికూతలు. నాలుగు మెట్లెక్కితే గోడ పట్టుకోవాలి. భార్య తులసీబాయి పిప్పళ్ళు నూరి తేనెలో నాకించి నాకించి విసిగిపోయింది. అలాంటివాడికి ఏసీ గదిలో కూర్చున్న నెలకే దగ్గు తగ్గింది. ఇంక చూడండి, ఆ గది ఆయనకు గర్భగుడి. చెప్పులు బయట విడిచి లోపలికి పోయేవాడు. గురువారం అగరొత్తి వెలిగించేవాడు. బెంగుళూరు నుంచి వచ్చిన ఇంజనీరు అది చూసి, "పొగ లోపలికి పోతే మీ మిల్లు మొత్తం పోతుంది స్వామీ!" అని అరిచినాక అగరొత్తి మాని, పెట్టె మీద రోజూ ఒక తులసి దళం పెట్టడం మొదలుపెట్టాడు.

రెండు వేళ్ళతో టైపు కొడుతూ, చేరికల పుస్తకంలో ఉన్నవాళ్ళనందరినీ నాలుగు నెలల్లో పెట్టెలోకి ఎక్కించాడు. ఎవరు ఎప్పుడు చేరారు, ఎన్ని రోజులు వచ్చారు, అంతా. అయిపోయిన రోజు ముత్తమ్మ గేటు దాటుతుంటే పిలిచి తెర చూపించాడు. ఆకుపచ్చటి ఇంగ్లీషు అక్షరాలు మినుకుమినుకుమంటున్నాయి.

"ఇదే నీ పేరు," అన్నాడు.

"ఓయమ్మ! నేను ఇంత సన్నగా ఉండానా?" అని నవ్వింది ముత్తమ్మ. వేలు అద్దానికి తాకించి గబుక్కున తీసుకుంది. "సామీ, కరెంటు పోతే నా పేరు గూడా పోతాదా?"

"యాడికీ పోదు. పుస్తకాన్నంటే చెదలు తింటాయి. దీన్ని తినేది ఏదీ లేదు."

ఆ నెలలోనే పాత పుస్తకాలన్నీ, చేరికల పుస్తకంతో సహా తుంగభద్రకు పోయాయి. "అంతా పెట్టెలోకి ఎక్కింది గదా రావుగారూ, ఇంక చెదలను మేపేదెందుకు?" అన్నాడు శరణప్ప. రావుకు అది నిజమేననిపించింది. మూడు మునకలు వేసి వచ్చాడు.

1989 జనవరికి డిస్కు నిండిపోయింది. పొద్దున హాజరు కొడితే మధ్యాహ్నానికి గానీ తీసుకోదు. ఒక్కోసారి అసలు తీసుకోదు. ఎనభై మెగాబైట్ల కొత్త డిస్కు కావాలని బెంగుళూరుకు రాశారు. అది వచ్చేలోపల ఫిబ్రవరిలో ముత్తమ్మ చేయి పోయింది.

రోలరు ముందు అడ్డంగా ఉండే రేకు ఊడి అప్పటికి నెల. ఫిట్టరు పౌలు రెండుసార్లు చెప్పాడు. "సీజను మధ్యలో మిషను ఆపమంటావా? ఏప్రిల్‌లో చూద్దాం," అన్నాడు శరణప్ప. ఆ పొద్దు పదకొండు గంటలకు పత్తితోపాటు ముత్తమ్మ కుడిచేయి కూడా లోపలికి పోయింది. బొటనవేలు ఒకటి మిగిలింది. ఆడవాళ్ళ కేకలు విని రావు ఏసీ గదిలో నుంచి వచ్చేసరికి ఆమె కింద కూర్చుని, చేతికి పత్తి చుట్టుకుంటూ ఉంది. చుట్టిన పత్తి చుట్టినట్టే ఎర్రబడుతోంది. శరణప్ప కూడా వచ్చాడు. మిషను చుట్టూ చూసి, ఆయన అడిగిన మొదటి మాట, "ఎంత పత్తి పాడయింది?"

ఆ రోజు ఆమెకు హాజరు వేసింది రావే. ఏడుకు పది నిమిషాల ముందు. పెట్టె తీసుకోను తీసుకోనంటుంటే, మూడుసార్లు కొట్టి మరీ ఎక్కించాడు.

ముత్తమ్మను ఎమ్మిగనూరులో ఉన్న ఆమె అక్క తీసుకుపోయి అక్కడి ఆసుపత్రిలో చూపించింది. ఎవరో చదువుకున్నవాళ్ళు అర్జీ రాసిచ్చారు. నెల తిరక్కుండా లేబర్ ఆఫీసు నుంచి మిల్లుకు కాగితం వచ్చింది: ఫలానా మనిషి మీ మిల్లులో పనిచేస్తుండగా చేయి పోగొట్టుకున్నదట, మీ జవాబేమిటి అని.

శరణప్ప ఆ కాగితం మడతపెట్టి జేబులో పెట్టుకుని ఏసీ గదిలోకి వచ్చాడు. చెప్పులతోనే.

"రావుగారూ, ఈ ముత్తమ్మ మన మిల్లు మనిషేనా?"

రావుకు అర్థం కాలేదు. "పదిహేడేండ్లాయె గద సావుకార్ ఆమె చేరి?"

"నేనడిగింది అది గాదు. రికార్డులో ఉంటే మన మనిషి. లేకుంటే దోవన పోయే మనిషి. లోపలికి ఎందుకొచ్చిందో, మిషను కాడ ఏం చేస్తాండెనో మనకేం తెలుసు?" నవ్వాడు. "కొత్త డిస్కు వస్తాంది గదా. దాంట్లోకి ఆర్డరు ఉన్నోళ్ళను మాత్రం ఎక్కించండి. మిగతా గుంపు వద్దు."

"కొత్తది నాలుగింతలు పెద్దది సావుకార్. అందరూ పడతారు."

"పడతారని చెప్పి ఊళ్ళోవాళ్ళనంతా ఇంట్లో పండబెట్టుకుంటామా?" శరణప్ప పెట్టె మీది తులసి దళం తీసి వేళ్ళ మధ్య నలిపాడు. "పాత డిస్కు సంగతి మీకు నేను చెప్పల్లనా? మీ ఆచారం ఉండనే ఉంది. మా నాయన కాలం నుంచి జరుగుతాండేదే. నేను అడ్డం రాను. బస్సు చార్జీ ఇస్తా."

రావు వంగి, కింద పడిన తులసి దళాన్ని ఏరుకున్నాడు.

"కష్టమనిపిస్తే చెప్పండప్పా, బలవంతం ఏం లేదు. కాటా కాడ మనిషి కావల్ల. మీరు ఆడ కూర్చోండి. ఈ గదికి ఇంకొకర్ని చూసుకుంటా."

కాటా దగ్గర అంటే బళ్ళ మీంచి పత్తి దులిపే చోటు. తెల్లటి నూగు మబ్బులా లేచి రోజంతా అట్లాగే నిలబడి ఉంటుంది. వినగానే రావు రొమ్ములో పిల్లి కూసింది. "అట్లే కానీయండి సావుకార్," అన్నాడు.

అంతే. ఇరవై అయిదేళ్ళ నిజాయితీ మూడు మాటల్లో తెల్లారిపోయింది. ఊపిరి ఆడకపోవడం అంటే ఏమిటో తెలిసినవాడు భయపడ్డాడు, ఒప్పుకుందాం. కానీ ముత్తమ్మది కూడా నూగు పీల్చిన రొమ్మే. ఆమెకు ఏసీ గది ఎవరూ కట్టించలేదు. ఉన్న చేయి కూడా మిల్లే తిన్నది. అది ఆయనకు తెలియదా? తెలుసు. తెలిసే అన్నాడు.

మార్చిలో ఇంజనీరు కొత్త డిస్కు మోసుకుని వచ్చాడు. ఒక పూట పెట్టె విప్పి, బిగించి, పాతదాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన ఉంచి, "ఇంక అంతా కాపీ చేద్దామా?" అన్నాడు.

"అంతా వద్దు. పర్మనెంటు ఆర్డరు నంబరు ఉండేవాళ్ళు మాత్రం చాలు," అన్నాడు రావు.

ఇంజనీరు వింతగా చూశాడు. "ఎందుకు స్వామీ? ఇంత చోటు కోసమేగా ఇది కొన్నారు? మీ ఊరు మొత్తాన్ని ఎక్కించినా సగం ఖాళీగా ఉంటుంది."

"సావుకారు మాట."

"అయితే మీరే కొట్టండి. ఏది ఉంచాలో ఏది వదలాలో నా పని కాదు. రేపు నన్ను అడగొద్దు."

రావు రెండు వేళ్ళతో కొట్టాడు. ఆర్డరు నంబరు ఉన్న వరసలు మాత్రం. పెట్టె గురగురమని కాసేపు ఆలోచించి, తెర మీద ముప్పై ఎనిమిది అని చూపింది. రావు మనసులో లెక్కపెట్టుకున్నాడు. తాను టైపు కొట్టిన ఆర్డర్లు కూడా ముప్పై ఎనిమిదే. సరిగ్గా సరిపోయింది. ఇంత పాడు పనిలో కూడా ఆయనకు ఆ లెక్క కుదిరినందుకు తృప్తి కలిగింది చూడండి! పేర్లు ఒక్కొక్కటే చదవలేదు. చదివితే తెలిసేది. హాజరు వేసేవాడికి హాజరు ఎవరు వేస్తారు? సిబ్బంది వరసల్లో తన పేరు కూడా ఒకటి ఉందన్న సంగతే ఆయనకు గుర్తు రాలేదు.

నకళ్ళు ఉంచుకునే పాత ఫ్లాపీలను కూడా ఆ రోజే తుడిచి, కొత్త డిస్కు నకళ్ళు వాటిలోకి ఎక్కించారు. ఇంజనీరు పోతూ పోతూ పాత డిస్కును రావు చేతిలో పెట్టాడు. ఇటుక అంత సైజు, ఇటుక కన్నా బరువు. "దీన్ని మాత్రం పారేయొద్దు స్వామీ. ఒక సంవత్సరం బీరువాలో పెట్టండి. ఎప్పుడు ఏం అవసరం వస్తుందో ఎవరు చూడొచ్చారు?" అన్నాడు.

మరుసటి గురువారం రావు దాన్ని ఇంటికి తెచ్చి, బొట్టు పెట్టి, పసుపు గుడ్డలో కట్టాడు. "ఇదేం పుస్తకమండీ, ఇనుపది?" అంది తులసీబాయి. రావు మూట చంకన పెట్టుకుని బస్టాండుకు నడిచాడు.

బస్సు ఎమ్మిగనూరులో పావుగంట ఆగుతుంది. కిటికీ పక్కన మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు రావు. బస్టాండులో రద్దీ. ఎవరో కిందనుంచి "సామీ! రావు సామీ!" అని పిలిచారు. చూస్తే ముత్తమ్మ. కుడిచేతికి మోచేయి దాకా కట్టు. ఆసుపత్రిలో కట్టు మార్పించుకుని వస్తోందట. ఆయన్ను చూసి సొంత మనిషిని చూసినట్టు సంబరపడిపోయి బస్సెక్కి పక్కన నిలబడింది.

"మంత్రాలయమా సామీ? ఏందది, బరువుగా ఉండాది?"

"పాత పుస్తకాలు."

"ఓహో, నీళ్ళల్లో కలిపేటివా? నాకు తెల్దా ఏంది, ప్రతిసారీ పోతావు గదా." గొంతు తగ్గించింది. "సామీ, లేబర్ ఆఫీసుల రికార్డు అడిగినారంట. నాకేం భయంల్యా. నా పేరు నీ పెట్టెల ఉండాది గదా. నువ్వు ఒక్క మాట సెప్తే సాలు. నీ మాట అబద్ధమని ఎవరంటారు?"

రావు కిటికీలోంచి బయటికి చూస్తూ, "చూద్దాంలే, చూద్దాంలే" అన్నాడు.

డ్రైవరు ఎక్కి హారను కొట్టాడు. ముత్తమ్మ దిగబోతూ ఆగి, ఎడమచేత్తో ఆ పసుపు మూటను తాకి కళ్ళకద్దుకుంది. "దేవుని కాడికి పోతాండేది గదా. నా చేయి నయం కావల్లని నా పేరు మీద గూడా ఒక మునక ఎయ్యి సామీ," అంది. దిగిపోయింది.

అప్పుడైనా దిగి వెనక్కి పోవచ్చు. ఆదోని బస్సు పక్కనే నిలబడి ఉంది. రావు చూశాడు కూడా. దిగలేదు.

మార్చి నెల ఏరు. నీళ్ళు సన్నగా పారుతున్నాయి. లోతు కోసం రాళ్ళ మధ్య చాలా దూరం నడిచి, నడుము లోతు మడుగు చూసుకుని మూట వదిలాడు. పుస్తకాలైతే కాసేపు తేలి, గుడ్డ తడిసి, మెల్లగా మునిగేవి. ఇది వదిలీ వదలగానే రాయిలా అడుక్కు పోయింది. మూడు మునకలు వేశాడు. ముత్తమ్మ పేరు మీద నాలుగోది వేయడానికి ఆయనకు ధైర్యం చాలలేదు.

జూన్ ఎనిమిదో తారీకు లేబర్ ఆఫీసులో విచారణ. మిల్లు తరఫున రావు, కొత్త డిస్కులోంచి అచ్చువేసిన పొడుగాటి కాగితంతో. అవతల బెంచీ మీద ముత్తమ్మ ఒక్కతే. పని పోతుందని తోటి ఆడవాళ్ళెవరూ సాక్ష్యానికి రాలేదు. కట్టు విప్పేశారు. చేతిని కొంగులో దాచుకుని కూర్చుంది. రావును చూసి నవ్వింది.

ఆఫీసరు కాగితం మీద వేలు పెట్టి పై నుంచి కిందకు చూసుకుంటూ వచ్చాడు. "ఈమె పేరు లేదే?"

"లేదు సార్. మా మిల్లులో పనిచేసినవాళ్ళ రికార్డు ఇదే. ముత్తమ్మ అనే మనిషి ఏ రోజూ మా మిల్లులో పనిచేయలేదు," అన్నాడు రావు. ఎక్కడా తడబడలేదు. హాజరు చదివినట్టే చదివాడు.

ముత్తమ్మ నవ్వు ముఖం మీద అట్లాగే కాసేపు ఉండిపోయింది, ఏం విన్నదో తెలియనట్టు. తర్వాత లేచి వచ్చి, కొంగు తీసి, ఆ చేతిని ఆయన ముఖం ముందర పెట్టింది. "సామీ, నా మొగం సూడొద్దులే. దీన్ని సూసి సెప్పు."

రావు కాగితం చూశాడు. తాను చెప్పిన మాటను ఆఫీసరు రాసి ఇస్తే చదివి, సంతకం పెట్టాడు. ముత్యాల్లాంటి సంతకం. అర్జీ కొట్టేశారు.

ఊరికే పోతుందా అంటారు గానీ, చాలాసార్లు ఊరికే పోతుంది. శరణప్పకు ఏమైంది? ఏమీ కాలేదు. ఆ సీజన్లో ఇంకో ప్రెస్సు కొన్నాడు. రోలరుకు రేకు కూడా వేయించాడు, మంచి మారాజు. నవంబరులో తన మేనల్లుణ్ణి తెచ్చి ఏసీ గదిలో కూర్చోబెట్టాడు. కర్నూలులో కంప్యూటరు కోర్సు చదివాడట, పది వేళ్ళతో కొడతాడట.

"రావుగారూ, మీకూ వయసయింది. ఇంటి పట్టున విశ్రాంతి తీసుకోండి," అన్నాడు శరణప్ప, ఎప్పటి నవ్వుతోనే.

"ఇరవై అయిదేండ్లు చేసినాను సావుకార్. నాకు రావలసింది ఏదో..." అంటూ నసిగాడు రావు. ఆయన జన్మలో మొదటిసారి అడగడం.

"అయ్యో, దానికేం? ఎప్పుడు చేరినారో చూసి చెప్పు" అని మేనల్లుడికి చెప్పాడు. అతను కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. "ఆ పేరు లేదు మామా," అన్నాడు.

"ఉంటుంది, ఉంటుంది," అని రావు వంగి తానే రెండు వేళ్ళతో కొట్టాడు. తెర ఖాళీగా ఉంది. ముప్పై ఎనిమిది పేర్లనూ పై నుంచి కిందకు చదివాడు. మొదటిసారి చదివాడు. అప్పుడు గుర్తొచ్చింది, తనకు ఆర్డరు నంబరు లేదని. నంబరు ఉన్నవాళ్ళు మాత్రం చాలని కొట్టిన వేళ్ళు ఇవేనని.

శరణప్ప కూడా తెర చూశాడు. ఒక్క క్షణం ఆశ్చర్యపోయాడు. ఆ కుట్ర ఆయన చేసింది కాదు పాపం, నిజంగానే ఆశ్చర్యపోయాడు. తర్వాత పకపకా నవ్వాడు. "ఏం రావుగారూ, మిమ్మల్ని మీరే మిల్లులో నుంచి తీసేసుకున్నారే! నేనేం చేయల్లప్పా? రికార్డులో లేనోళ్ళకు ఇస్తే రేపు నన్ను పట్టుకుంటారు."

నడిచి ఇంటికి పోయేదారిలో రెండుచోట్ల గోడ పట్టుకున్నాడు రావు. తర్వాత లేబర్ ఆఫీసుకు అర్జీ పెట్టాడు, తన చేతిరాతతోనే. కాగితం లేకపోతే కనీసం పక్కన పనిచేసిన సాక్షిని తెమ్మన్నారు. జిన్ను ముందు ఆడవాళ్ళను అడిగే మొహం లేక ఫిట్టరు పౌలు ఇంటికి పోయాడు. పౌలు మంచివాడు, కాఫీ ఇచ్చాడు. "నాకు ఆర్డరు టైపు కొట్టిచ్చింది మీరే రావుగారూ. మీ కోసం వచ్చి సాక్ష్యం సెప్తే ఆ ఆర్డరు పోతాది. పోగొట్టుకోమంటారా?" అన్నాడు. మిగిలిన ముప్పై ఏడు మందిదీ అదే మాట. కొందరు కాఫీ కూడా ఇవ్వలేదు.

విచారణ డిసెంబరులో. సాక్షి లేకుండా ఆఫీసు మెట్ల మీద దగ్గుతూ కూర్చుని ఉంటే, ఎదురుగా చెట్టు కింద గంపలో ఉడకబెట్టిన శెనక్కాయలు అమ్ముతున్న మనిషి లేచి వచ్చింది. ముత్తమ్మ. ఎడమచేత్తో కొలిచి అమ్మడం నేర్చుకుంది.

"ఏంది సామీ, ఈడ కూర్చున్నావు?"

రావు చెప్పాడు, కొంచెం కొంచెంగా, ఊపిరి అందినంత మేర. ఆమె విన్నది. శెనక్కాయలను గోనెపట్టాతో కప్పింది.

"పా, నేను సెప్తా."

"నువ్వా? నేను నీకు..."

"నువ్వు అబద్ధం సెప్పినావని నేను గూడా సెప్పల్నా?" అంది. కోపంగానే అంది. ముందు నడిచింది.

ఆఫీసరు జూన్‌లో ఉన్నవాడే. సాక్షి ఎవరని అడిగితే ముత్తమ్మ ముందుకు వచ్చి నిలబడింది.

"ఈయన్ను మిల్లులో చూశావా అమ్మా?"

"రోజూ సూసినా సారూ. పదిహేడేండ్లు. కూత కూసే వేళకు గడియారం పట్టుకొని గేటు కాడ నిలబడుకొని ఉండేవాడు. నాకు ఒక్క సున్న ఎయ్యలేదు. తప్పు హాజరు ఎన్నడూ ఎయ్యని మనిషి."

రావు తల ఎత్తలేకపోయాడు. ఆఫీసరు రాసుకోబోయి, ఆమె చేతిని చూసి ఆగాడు. బీరువాలోంచి ఒక ఫైలు తీసి, తెరిచి, రావు వైపు తిప్పాడు.

"ఈ సంతకం మీదేనా?"

"నాదే సార్."

"జూన్‌లో మీరు చెప్పింది. ముత్తమ్మ అనే మనిషి ఏ రోజూ మా మిల్లులో పనిచేయలేదు, అని. పనిచేయని మనిషి మిమ్మల్ని మిల్లులో పదిహేడేళ్ళు ఎట్లా చూసింది?"

"అది అబద్ధం సార్. నేనే చెప్పినాను."

"ఏది అబద్ధం? అప్పటిదా, ఇప్పటిదా? అప్పుడు మీ చేతిలో రికార్డు ఉంది. ఇప్పుడేముంది?" ఆఫీసరు విసుగ్గా అడిగాడు. "సరే, పాత డిస్కు ఉంటుంది గదా. దాంట్లో మీ ఇద్దరి పేర్లూ ఉండాలి. అది తెండి, ఇప్పుడే రెండు కేసులూ తిరగదోడతాను. ఎక్కడుంది?"

రావు నోరు తెరిచాడు. దగ్గు వచ్చింది. దగ్గు ఆగినాక, "ఏట్లో కలిపినాను సార్," అన్నాడు.

"ఏట్లోనా?"

"తుంగభద్రలో. మార్చిలో. పసుపు గుడ్డలో కట్టి."

ఆఫీసరు రెండు ఫైళ్ళూ మూసి ఒకదాని మీద ఒకటి పెట్టాడు.

ముత్తమ్మ మెట్ల దాకా వచ్చి ఆగింది. రావు రెండు మెట్లు దిగి గోడ పట్టుకున్నాడు. ఆమె ఆయన్ను చూడలేదు. ఎడమ అరచేతిని తిప్పి చూసుకుంటూ ఉంది.

"సామీ, ఆ పొద్దు ఎమ్మిగనూరు బస్సుల నీ ఒళ్ళో ఉన్నింది అదేనా?"

రావు అవునన్నట్టు తల ఊపాడు.

"దానికి నేను దండం పెట్టుకుంటి గదా," అంది ముత్తమ్మ. గంప దగ్గరికి పోయి, గోనెపట్టా తీసి, శెనక్కాయలు కొలవడం మొదలుపెట్టింది.